నాలుగో నంబరుకు జ్వరం

"ఏదీ, ఇంకోసారి చదువు. నేనూ వింటాను, మహారాణీ వింటుంది," అంది అత్తగారు ఆవు మెడ మీద చెయ్యి వేసి.

కోడలు ఫోన్ వైపు చూసింది. ఫోన్ ఏ మొహమాటమూ లేకుండా పాత పాటే పాడుతోంది.

"నాలుగో నంబరు. వేడి నూట మూడు. తెల్లవారినప్పటి నుంచి నెమరు లేదు. లేచి నిలబడింది తక్కువ, పడుకున్నదే ఎక్కువ."

నాలుగో నంబరంటే మహారాణి. ఆ మహారాణి ఎదురుగా నాలుగు కాళ్ళ మీదా నిలబడి, కళ్ళు సగం మూసుకుని, దవడని అటూ ఇటూ తిప్పుతూ తీరిగ్గా నెమరు వేస్తోంది.

"పడుకుని ఉందట. నెమరు లేదట. మరి నోట్లో తిప్పుతున్నదేమిటి, నీ ఫోన్ ఛార్జరా?"

పాక గుమ్మంలో కూర్చుని చొక్కాకి గుండీలు కుడుతున్న ఆడపడుచు తలెత్తకుండా అందుకుంది. ఆవిడ దర్జీ. నోట్లో సూది ఉన్నా మాట ఆగదు.

"పాపం దాన్ననకమ్మా. ఆ ఫోను పక్కింటివాళ్ళ ఆవుని చూస్తోందేమో."

"పక్కింటివాళ్ళకి ఆవుల్లేవు."

"అదే కదా నేననేది."

కోడలు నవ్వలేదు. మూడున్నర అయింది. నాలుగింటిలోపు పశువుల డాక్టరమ్మ వస్తుంది.

ముప్ఫై రోజుల పరీక్షకి ఇది ఆఖరి రోజు. ఇరవై రెండు ఆవుల మెడలకి కోడలు స్వయంగా తయారుచేసి కట్టిన, వేడినీ నెమరునీ అడుగులనీ లెక్కపెట్టి ఫోన్‌కి పంపే పట్టీలు నిజమే చెబుతున్నాయని డాక్టరమ్మ రాసిస్తే, పాల సంఘం వాటిని చుట్టుపక్కల పాకలన్నిటికీ తీసుకుంటుంది. కోడలు ఇక్కడే ఉండి ఆ పని చూసుకోవచ్చు. రాసివ్వకపోతే సోమవారం పొద్దున్నే బస్సెక్కి, నగరంలో పాత ఉద్యోగంలో చేరాలి. మొగుడు ఆవుల దగ్గర, పెళ్ళాం ఆఫీసులో, నెలకో ఆదివారం కాపురం.

పట్టీలు కట్టిన మొదటి రోజే అత్తగారు షరతు పెట్టింది. "ఒక్కసారి తప్పు చెప్పిందా, అన్నీ విప్పి నీ చేతిలో పెడతాను." ఇరవై తొమ్మిది రోజులు ఒక్క తప్పు లేదు. పన్నెండో నంబరు కుంటబోతోందని ఒక రోజు ముందే చెప్పింది పట్టీ. అత్తగారు ఆ రోజు ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడమే ఆ ఇంట్లో పెద్ద మెచ్చుకోలు.

ఈ రోజే, ఇప్పుడే, ఇలా అయింది.

కోడలి భర్త మహారాణి వెనకనుంచి థర్మామీటరు పట్టుకుని వచ్చాడు. భార్యకి ఏం చెప్పాలో తెలియనప్పుడు అతను అంకెలు చెబుతాడు. "నూట ఒకటిన్నర."

"ఆవుకి అది మామూలు వేడి," అంది అత్తగారు. "ఆ మాట చెప్పడానికి గాజు గొట్టం దేనికిరా? చెవి వెనక చెయ్యి పెడితే నేను చెప్పనూ? ముప్ఫై ఏళ్ళబట్టీ ఈ చెయ్యి తప్పలేదు. పొద్దున ఇరవై రెండు చెవుల వెనకా పెట్టే వచ్చాను."

"అత్తయ్యా, ఇంకో వింత ఉంది." కోడలు గొంతు తగ్గించింది. "పొద్దుటినుంచి ఐదుసార్లు లేచింది. లేచిన ప్రతిసారీ పద్దెనిమిది అడుగులు నడిచింది. కాసేపు ఆగింది. మళ్ళీ పద్దెనిమిది అడుగులు వెనక్కి వచ్చి పడుకుంది."

నలుగురూ మహారాణి తాడు వైపు చూశారు. తాడు నాలుగు అడుగులు కూడా లేదు.

"షికారుకెళ్ళొచ్చిందన్నమాట," అంది ఆడపడుచు. "తాళం తనే తీసుకుని, తనే వేసుకుని."

అత్తగారు చేతులు దులుపుకుంది. "డాక్టరమ్మ వచ్చాక ఈ కథ చెప్పు. ఆవిడా నవ్వుకుంటుంది. మీ మామయ్య మధ్యాహ్నం భోజనం వద్దన్నారు, ఆ గిన్నెలు అలాగే ఉన్నాయి. నాకు బోలెడు పనుంది."

ఆవిడ వెళ్ళబోయింది. కోడలు ఆపలేదు. ఆమె ఫోన్లో నిన్నటి గీతలు తీసి చూస్తోంది.

నిన్న ఆమె ఊళ్ళో లేదు. పరీక్ష తాలూకు కాగితాలు అచ్చు వేయించడానికి పట్నం వెళ్ళి చీకటి పడ్డాక వచ్చింది. నిన్న మధ్యాహ్నం మూడు గంటలపాటు పట్టీలన్నీ ఒక్కసారే చల్లబడ్డాయి. పట్టీల సిగ్నళ్ళు అందుకునే పైకప్పు మీది పెట్టెకి కరెంటు పోయి లెక్క తప్పి ఉంటుందని పొద్దున అనుకుని వదిలేసింది. ఇప్పుడు కదలికల గీత కూడా తెరిచింది.

ఇరవై రెండు ఆవులూ మూడు గంటలపాటు మెల్లగా, ఒక్క తీరున, ముందుకీ వెనక్కీ ఊగాయి.

ఆవులు నడుస్తాయి, పడుకుంటాయి, తోక ఆడిస్తాయి. వరసగా నిలబడి ఊగవు. గాలికి ఊగేవి వేరే ఉంటాయి.

కోడలు నెమ్మదిగా తల తిప్పి పెరట్లో బట్టలు ఆరేసే తీగ వైపు చూసింది. తర్వాత తీగ కింద బోర్లించిన తొట్టి వైపు చూసింది. వెళ్ళి తొట్టి ఎత్తింది. అడుగున తెల్లగా కాగితం గుజ్జు అంటుకుని ఉంది. వేలితో తీస్తే అందులో ఒక ముక్క మీద సగం చెరిగిన అంకె కనిపించింది. ఏడో, ఒకటో.

పట్టీల లోపలివైపు తను అంటించిన నంబరు చీటీలు.

"అత్తయ్యా."

అత్తగారు వంటింటి గుమ్మం దగ్గర ఆగింది. వెనక్కి తిరగలేదు.

"నిన్న పట్టీలు విప్పారా?"

మహారాణి నెమరు చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

"అమ్మా," అంది ఆడపడుచు గుండీ దారం కొరికి, "నిన్న కొత్త సబ్బు ఒకటి సాయంత్రానికల్లా రూపాయి బిళ్ళంత అయింది. నేను అడిగితే ఎలుక తినేసిందన్నావు."

అత్తగారు తిరిగింది. మొహం మామూలుగానే ఉంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "కంపు కొట్టాయి. ఉతికాను. ఆరేశాను. ఆరాక కట్టేశాను. ఇందులో ఏముంది?"

"ఏ పట్టీ ఏ ఆవుది అని చూసి కట్టారా?"

"పట్టీకి పట్టీయే కదా. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. మెడలు కూడా ఒక్కలాగే ఉన్నాయి."

భర్త తల పట్టుకుని గడ్డి మోపు మీద కూలబడ్డాడు.

కోడలికి మాత్రం ఆ క్షణంలో కోపం రాలేదు. అంతకంటే ముఖ్యమైనది తట్టింది. "అంటే పట్టీ అబద్ధం చెప్పలేదు. వీటిలో ఒకదానికి నిజంగానే నూట మూడు ఉంది. ఒకటి పొద్దుటినుంచి ఏమీ తినకుండా ఉంది. అదేదో మనకి తెలియదు."

అత్తగారు ఈసారి వంటింటి వైపు చూడలేదు. వరసగా ఆవుల వైపు చూసింది. "నేను పొద్దున అన్నిటినీ ముట్టుకున్నాను," అంది. అన్న తర్వాత, "పొద్దున," అని మళ్ళీ తనకి తనే చెప్పుకుంది.

"పెరిగి ఉంటుంది అప్పటినుంచి. వెతకడానికి ఒక దారి ఉంది. ప్రతి పట్టీ పెట్టెలో ఒక చిన్న ఆకుపచ్చ దీపం పెట్టాను. ఇక్కడ నొక్కితే నాలుగో పట్టీ వెలుగుతుంది."

"నొక్కు మరి."

"నొక్కాను. కాని అది ఇప్పుడు నిద్రపోతోంది. పావుగంటకోసారి లేస్తుంది. లేచి మూడు సెకన్లు చెప్పేది చెప్పి, వినేది విని, మళ్ళీ పడుకుంటుంది. ఈసారి లేచేది మూడూ ముప్పావుకి."

అత్తగారు ముక్కున వేలేసుకుంది. "పావుగంటకి మూడు సెకన్లా? అదేం ఉద్యోగమమ్మా?"

"అలా పడుకుంటేనే అత్తయ్యా, గుండీ అంత బ్యాటరీ మూడేళ్ళు వచ్చేది."

"మీ మామయ్య కూడా అందుకే ఇన్నేళ్ళు వచ్చారు."

"నాన్నని కూడా పిలవనా? ఇంకో రెండు కళ్ళుంటాయి," అన్నాడు కొడుకు.

"వద్దు. పడుకున్నారు, పడుకోనీ. ఆయన లేచి వచ్చి మనల్ని వరసలో నిలబెట్టేసరికి దీపం ఆరిపోతుంది."

మామగారు రైల్వే గార్డుగా చేసి రిటైరయ్యారు. ఇంటిల్లిపాదీ ఆయన్ని గార్డుగారనే అంటారు. ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఒంట్లో బాగాలేదని ఒక్క రోజు సెలవు పెట్టలేదని ఆయనే రోజుకోసారి చెబుతారు.

కోడలు ఆవుల్ని పంచింది. అత్తగారికి ఆరు, భర్తకి ఆరు, ఆడపడుచుకి ఐదు, తనకి ఐదు. వెలుగు వస్తే మూడే సెకన్లు. ఎవరూ కళ్ళార్పకూడదు.

"వదినా, ఇది లేవడం లేదు. మెడ సరిగా కనబడదు," అంది ఆడపడుచు మూల ఆవు దగ్గరనుంచి.

"బద్ధకమా? అది మధ్యాహ్నం అంతే. పేరు ఊరికే పెట్టామా?" అంది అత్తగారు తన ఆరిటి మీదనుంచి చూపు తిప్పకుండా.

కోడలు ఒకసారి అటు చూసింది. పడుకున్న ఆవు మెడలో ఏదో ఇత్తడి రంగులో తళుక్కుమంది. వెంటిలేటరులోంచి ఎండ పడుతోంది కాబోలు అనుకుని తన ఐదిటి వైపు తిరిగింది.

మూడూ నలభై నాలుగు.

నలుగురు మనుషులు నోరు తెరుచుకుని ఆవుల మెడల కింద వంగి ఉంటే, ఆవులు నమలడం ఆపి వాళ్ళనే చూస్తున్నాయి.

"ఇప్పుడు," అంది కోడలు.

ఒకటి. రెండు. మూడు.

ఎక్కడా ఏమీ వెలగలేదు.

"ఎవరికైనా కనిపించిందా?"

"లేదు," అంది అత్తగారు.

"నాకూ లేదు," అంది ఆడపడుచు.

"నాకు తోక కనిపించింది," అన్నాడు భర్త కన్ను నలుపుకుంటూ. "చాలా దగ్గరగా."

కోడలు ఫోన్ చూసింది. పట్టీ మాట విన్నట్టూ, దీపం వెలిగించినట్టూ ఫోన్ చెబుతోంది. ఇక మిగిలింది పావుగంట, ఆ తర్వాత డాక్టరమ్మ, ఆ తర్వాత సోమవారం బస్సు.

"లోపలికి రావచ్చా?"

అందరూ ఒక్కసారి తిరిగారు. ఇంట్లోంచి పాకలోకి వచ్చే గుమ్మంలో పశువుల డాక్టరమ్మ నిలబడి ఉంది, చేతిలో సంచి, చంకలో కాగితాల అట్ట. మనిషి పొట్టి, మాట నెమ్మది.

"కొంచెం ముందే వచ్చాను. వీధి తలుపు తీసే ఉంది. ఏమీ అనుకోకపోతే ఒక మాట అడుగుతాను. ముందు గదిలో పెద్దాయన మంచం మీద పడుకున్నారు. ఇప్పుడే నేను వస్తుంటే, దుప్పటి కింద ఆయన నడుం దగ్గర ఆకుపచ్చ దీపం మూడుసార్లు వెలిగి ఆరింది." ఆవిడ కాస్త ఆగింది. "అది మామూలేనా?"

*

గార్డుగారు దుప్పటి గడ్డం దాకా లాక్కుని, తన మంచం చుట్టూ నిలబడ్డ ఐదుగుర్నీ వరసగా చూశారు.

"ఏమిటి, తనిఖీయా?"

"నాన్నా, దుప్పటి తీయండి," అన్నాడు కొడుకు.

"ఎందుకు?"

"మీ ప్యాంటుకి ఏం కట్టుకున్నారో చూడాలి."

"ఈ ప్రశ్న నన్ను నా పై అధికారి కూడా అడగలేదురా."

దుప్పటి తీశారు. గార్డుగారి నడుముకి నల్లటి నైలాను పట్టీ, దానికి అగ్గిపెట్టె అంత పెట్టె. పెట్టె పొట్టకి గుచ్చుకోకుండా ఆయన దాన్ని పక్కకి జరుపుకున్నారు కూడా.

"నాన్నా, అది మహారాణిది," అంది ఆడపడుచు.

"నిన్న సాయంత్రం చూస్తే మేకుకి నా బెల్టు లేదు. ఇల్లంతా వెతికాను. తీగ మీద ఇది ఒక్కటీ వేలాడుతోంది. ప్యాంటు నిలబడాలా వద్దా?" ఆయన భార్య వైపు చూశారు. "ఇంతకీ నా బెల్టు ఎవరు తీసినట్టు?"

అత్తగారు గోడ మీద గడియారం చాలా శ్రద్ధగా చూసింది.

కోడలు ఆ మాటలేవీ వినడం లేదు. మంచం దగ్గరనుంచి స్నానాలగది తలుపు దాకా అడుగులు వేసుకుంటూ వెళ్ళింది. పదహారు, పదిహేడు, పద్దెనిమిది.

"మామయ్యా, పొద్దుటినుంచి ఐదుసార్లు లేచారు కదూ?"

గార్డుగారి మొహంలో మొదటిసారి కంగారు కనిపించింది. "నా స్నానాలగది లెక్క కూడా ఫోన్లో ఉందా?"

"సమయాలతో సహా ఉంది."

"బాగుందమ్మా. ఆవుకున్న మర్యాద కూడా లేకుండా పోయింది."

"నూట మూడు జ్వరమని కూడా ఉంది. ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"జ్వరమేమిటి? లైను క్లియరుగా ఉంది. కాస్త నడుం వాల్చాను." ఆ మాట అంటుండగానే ఆయన పళ్ళు టకటకమన్నాయి. ఆయన వాటిని బిగబట్టి, ఎవరి పళ్ళో అన్నట్టు చూశారు.

డాక్టరమ్మ సంచిలో చెయ్యి పెట్టి పొడుగాటి థర్మామీటరు తీసింది. గార్డుగారు గోడ వైపు జరిగారు.

"అది ఎక్కడ పెడతారో నాకు తెలుసు. వద్దు."

"ఇది మీక్కాదండీ, అడ్డొచ్చిందని బయటికి తీశాను," అంది డాక్టరమ్మ. "నాది నాలుగు కాళ్ళ వైద్యం. మీకు రెండు కాళ్ళ డాక్టర్ని పిలిపించండి."

కొడుకు అప్పటికే ఫోన్ తీసి వీధి చివరి ఆస్పత్రికి చేశాడు. అరగంటలో వస్తానన్నాడు అక్కడి డాక్టరు.

అత్తగారు మెల్లగా వచ్చి మంచం అంచున కూర్చుంది. చెయ్యి చాపి, ఆయన చెవి వెనక పెట్టింది. అచ్చం పాకలో పెట్టినట్టే.

"నూట మూడు," అంది.

ఆడపడుచు ఇంటి థర్మామీటరు తెచ్చి ఆయన నోట్లో పెట్టింది. తీసి వెలుతురులో చూసింది. నూట మూడు మీద ఒక గీత.

"చెయ్యి బాగానే ఉంది," అంది అత్తగారు. ఎవరితో అంటున్నదీ తెలియలేదు. "పొద్దున ఇరవై రెండు చెవుల వెనక పెట్టాను. ఇంకొక్క చోట పెట్టలేదు."

"నేను మాత్రం తోక ఊపి చెప్పగలనా?" అన్నారు గార్డుగారు.

"నోరుంది కదా. పొద్దున ఆ నోటితోనే బద్ధకంగా ఉందని చెప్పారు. జ్వరమని చెప్పడానికి ఇంకో నోరు కావాలా?"

"ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్క రోజు…"

"తెలుసు. పడుకోండి."

ఆయన పడుకున్నారు.

*

డాక్టరమ్మ అదే గదిలో బల్ల మీద కాగితాలు పరిచింది. గడియారం నాలుగుంబావు చూపిస్తోంది.

"చూడమ్మా," అంది కోడలితో. "పట్టీ చెప్పింది అక్షరాలా నిజం. వేడి నిజం, తిండి లేకపోవడం నిజం, అడుగులు కూడా నిజం. నాకు ముచ్చటగానే ఉంది. కాని నా కాగితంలో 'ఆవు' అని ఉంది. 'ఆవు లేదా మామగారు' అని లేదు."

"రికార్డు చెల్లదా అండీ?"

"పరీక్ష మధ్యలో పట్టీ విప్పితే చెల్లదు. ఒక్క వీలుంది. పశువుల యజమాని ఎవరో వాళ్ళు, పట్టీలు నేనే విప్పాను, ఫలానా రోజు ఫలానా కారణానికి విప్పాను అని రాసి సంతకం పెడితే, నిన్నా ఇవాళా తీసేసి మిగిలిన ఇరవై ఎనిమిది రోజులూ లెక్కలోకి తీసుకుంటాను. ఐదింటిలోపు నేను సంఘానికి ఫోన్ చేసి చెప్పాలి. ఐదు దాటితే నమోదు మూసేస్తారు."

పాక అత్తగారిది. ఆవులు అత్తగారివి. కోడలు అటు చూడటానికి కూడా భయపడింది. ఈ ముప్ఫై ఏళ్ళలో ఆవిడ తప్పు తనదని నోటితో అన్నది ఎవరూ వినలేదు. ఇక రాసి సంతకం పెట్టడమా.

అత్తగారు వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. కలం తీసుకుంది.

"చెప్పండి. ఏం రాయాలి?"

ఆడపడుచు చేతిలో చొక్కా కింద పడింది.

"పట్టీలు ఎందుకు విప్పారో రాయండి," అంది డాక్టరమ్మ.

అత్తగారు రాయలేదు. కలం గీరుతూ కూర్చుంది. "కంపు కొట్టాయని రాయొచ్చు," అంది.

"అదేనా కారణం?"

"ఆవుల మెడలో ఉన్నది కంపు కొట్టకుండా ఎలా ఉంటుంది? ముప్ఫై రోజుల కంపు నాకేం కొత్తా?" ఆవిడ గొంతు తగ్గింది. "మీరొస్తున్నారని. పిల్ల నెల రోజులు కంటి మీద కునుకు లేకుండా కూర్చుని చేసింది. ఆ పట్టీలు పేడ కొట్టుకుని ఉంటే మీరేం అనుకుంటారు, సంఘంవాళ్ళేం అనుకుంటారు? శుభ్రంగా కనబడాలని ఉతికాను. అది పట్నం వెళ్ళేదాకా ఆగి ఉతికాను."

కోడలు కాగితాన్ని అత్తగారికి ఇంకాస్త దగ్గరగా జరిపింది.

"అదే రాయండి," అంది డాక్టరమ్మ. "ఎన్ని ఉతికారు?"

"ఇరవై రెండు."

"ఎన్ని తిరిగి కట్టారు?"

కలం ఆగింది.

"ఇరవై ఒకటి. ఒకటి ఇంకా తడిగా ఉంటే తీగ మీదే వదిలేశాను. పొద్దున కడదామనుకున్నాను, మర్చిపోయాను."

"మరి ఇరవై రెండో ఆవు మెడలో ఏమీ లేదా? ఈ అమ్మాయి పొద్దున చూసి ఉండాలే."

అత్తగారు మళ్ళీ గడియారం వైపు చూసింది. ఈసారి గడియారం ఆదుకోలేదు. "బోసిగా ఉంటే పిల్ల కనిపెట్టేస్తుందని… మేకుకి ఈయన బెల్టు ఉంటే, అది కట్టాను."

మంచం మీదనుంచి గార్డుగారు లేచి కూర్చున్నారు. "నా తోలు బెల్టు ఆవుకి కట్టావా?"

"మీ నడుముకంటే దాని మెడకే బాగుంది."

ఆడపడుచు నవ్వాపుకోలేక గోడకి ఆనుకుంది. కొడుకు దగ్గాడు. డాక్టరమ్మ కాగితాల అట్ట మొహానికి అడ్డం పెట్టుకుంది.

కోడలు ఒక్కతే నవ్వలేదు. మూల ఆవు మెడలో తళుక్కుమన్న ఇత్తడి రంగు గుర్తుకొచ్చింది. అది ఎండ కాదు. బెల్టు బకిలీ.

"అత్తయ్యా, ఏ ఆవుకి కట్టారు?"

"బద్ధకానికి."

"ఇరవై ఒక్క ఆవుల సంగతి నా ఫోన్ చెబుతోంది. ఇరవై రెండోదాని సంగతని మామయ్య సంగతి చెబుతోంది," అంది కోడలు. "నిన్న మధ్యాహ్నం నుంచి బద్ధకం సంగతి మనలో ఎవరికీ తెలియదు. ఇందాక అది లేవలేదు."

అత్తగారి చేతిలో కలం బల్ల మీద పడి దొర్లింది. అది నేల మీద పడేలోపే ఆవిడ గుమ్మం దాటేసింది.

*

బద్ధకం మూలన అలాగే పడుకుని ఉంది. ఎడమ పక్క పొట్ట ఉబ్బి, చర్మం డప్పులా బిగుసుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. దవడ కదలడం లేదు.

అత్తగారు మోకాళ్ళ మీద కూర్చుని పొట్ట మీద వేలితో కొట్టింది. బోలుగా మోగింది. "పొద్దున చెవి చల్లగానే ఉంది తల్లీ," అంది ఆవుతో. "పొట్ట చూడలేదు నేను."

"జరగండి," అంది డాక్టరమ్మ. నెమ్మది మాట ఎటు పోయిందో, ఒక్కసారిగా చేతులు చురుకయ్యాయి. "బాబూ, తల పైకెత్తి పట్టుకో. అమ్మాయ్, ఆ సంచిలో మెత్తటి గొట్టం. సీసా కూడా."

గొట్టం ఆవు నోట్లోంచి పొట్టలోకి దిగింది. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత బుస్సుమని గాలి బయటికి వచ్చింది. ఆ వాసనకి కొడుకు మొహం పక్కకి తిప్పాడు కాని తల వదల్లేదు. పక్క ఆవులు కూడా తాళ్ళు సాగేదాకా వెనక్కి జరిగాయి. డాక్టరమ్మ సీసాలో మందు గొట్టంలోకి పోసి, గొట్టం తీసేసి, చేతులు తుడుచుకుంది.

"ఇంకో గంట ఆలస్యమైతే నేను వచ్చీ లాభం లేకపోయేది. గాలి పోయింది. కాని పొట్ట మళ్ళీ పని మొదలుపెట్టాలి. మొదలుపెడితే గండం గడిచినట్టు. లేకపోతే కోసి చూడాల్సిందే."

"ఎలా తెలుస్తుంది?" అన్నాడు కొడుకు.

"పొట్టలో గుడగుడమంటుంది. తర్వాత నెమరు వేస్తుంది."

అత్తగారు లేచింది. బద్ధకం మెడలోంచి తోలు బెల్టు విప్పింది. "దీని పట్టీ ఏది?"

"మామయ్య దగ్గరే…" అని కోడలు తిరిగేసరికి గార్డుగారు దుప్పటి కప్పుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"పడుకోమన్నాను కదా," అంది అత్తగారు.

"నా బెల్టు నాకిస్తే పోతాను."

అత్తగారు వెళ్ళి ఆయన నడుముకున్న నైలాను పట్టీ లాగేసింది. గార్డుగారు ఒక చేత్తో దుప్పటి, ఒక చేత్తో ప్యాంటు పట్టుకున్నారు. తోలు బెల్టు అందుకోవడానికి మూడో చెయ్యి లేదు. ఆడపడుచు దాన్ని ఆయన మెడలో వేసింది. ఆయన ఒకసారి వాసన చూసి మొహం చిట్లించి, కదలకుండా అక్కడే నిలబడ్డారు.

అత్తగారు నైలాను పట్టీ బద్ధకం మెడకి తానే కట్టింది. పెట్టె దవడ పక్కకి వచ్చేలా సర్దింది. ఎలా సర్దాలో ఎవరూ చెప్పలేదు. ముప్ఫై రోజులుగా ఆవిడ చూస్తూనే ఉంది.

"ఇక నొక్కు."

"నొక్కితే లేవదు అత్తయ్యా. నాలుగున్నరకి లేచి పడుకుంది. మళ్ళీ నాలుగూ ముప్పావుకే."

"లేపే గుండీ ఒకటి పెట్టలేదా?"

"బ్యాటరీ ఆదా అవుతుందని పెట్టలేదు."

అత్తగారు ఆమె వైపు చూసింది. తిడుతుందనుకుంది కోడలు. "సరే. నువ్వు దాన్ని చూడు. నేను దీన్ని వింటాను," అని మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుని, ఆవు పొట్టకి చెవి ఆనించింది.

గుమ్మం అవతల, బల్ల మీద కాగితం అలాగే ఉంది. 'ఇరవై రెండు పట్టీలు ఉతికాను' అన్న దగ్గర ఆగిపోయింది. సంతకం లేదు. డాక్టరమ్మ చేతి గడియారం చూసుకుని, కోడలి వైపు చూసింది. సంతకం కోసం అత్తగారిని ఇప్పుడు లేపమని ఎవరు చెబుతారు?

కోడలు కూడా చెప్పలేదు. వెళ్ళి అత్తగారి పక్కనే, పేడ నేల మీద, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

వీధి తలుపు దగ్గర ఎవరో పిలిచారు. రెండు కాళ్ళ డాక్టరు వచ్చినట్టున్నాడు. గార్డుగారు కదల్లేదు. "ఆగమనండి," అన్నారు. "ఇక్కడ సిగ్నల్ పడలేదు."

నాలుగూ నలభై నాలుగు.

"అత్తయ్యా, ఏమైనా వినబడుతోందా?"

అత్తగారు కళ్ళు మూసుకుని ఉంది. చెవి పొట్టకే ఉంది. కుడి చేతి చూపుడు వేలు మెల్లగా పైకి లేచింది.

ఆ వేలు ఆగమంటోందో, విన్నానంటోందో ఎవరికీ తెలియలేదు. పట్టీ ఇంకా నిద్రపోతోంది.